కొల్లేటి విద్య ఓరుగల్లు చెరువులకు అచ్చివచ్చేనా?
చేపపిల్ల సైజే లాభానికి మూలం

(మా వాణిజ్య విలేఖరి)

జనగామ: చేపల పెంపకంలో కొల్లేటి రైతులు గడించిన అనుభవం, 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మత్స్య సహకార సంఘాలకు ఎంతవరకు పనికివస్తుందన్నది పరిశీలించదగిన విషయం. ఉన్నదున్నట్లు తెచ్చుకుంటే నష్టం, ఏరి తెచ్చుకుంటే లాభం.

కైకలూరు చెరువు పూర్తిగా రైతు చేతిలోనిది. ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, శీలావతి, బొచ్చె పిల్లలను వదులుతాడు. చిల్లుల సంచులలో తవుడు కట్టి మేపుతాడు. ధర చూసుకొని వల వేస్తాడు. సరకు మంచులో హౌరాకు, అస్సాముకు వెళ్తుంది.

ఇక్కడివి పంట చెరువులు. కాకతీయుల నాటి బయ్యారం చెరువైనా, గణపురం చెరువైనా తూము తీసేది ఆయకట్టుకోసమే గాని చేపకోసం కాదు. అంత నీటిలో మేత వేయడం గిట్టుబాటు కాదు. పైగా వాలుగ, కొర్రమీను చిన్న పిల్లలను మిగలనీయవు.

తెచ్చుకోవలసినది ఏది?

1957లో ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌదరి పీయూషగ్రంథి రసంతో పెంపుడు చేపలచేత గుడ్లు పెట్టించడంతో పిల్లల కొరత తీరే దారి దొరికింది. కొల్లేటి రైతు మరో అడుగు వేశాడు. పిల్లలను ఒక చెరువులో కిక్కిరిసి ఉంచి, ఎదుగుదల ఆపి, ఆ తరువాత విశాలమైన చెరువులోకి మారుస్తాడు. అక్కడ అవి త్వరగా బరువెక్కుతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2016-17లో ఉచిత చేపపిల్లల పంపిణీ ప్రారంభించింది. ఏడాది పొడవునా నీరుండే చెరువులకు 80-100, మిగిలినవాటికి 35-40 మిల్లీమీటర్ల పిల్లలు నిర్ణయించింది. అయితే లారీ ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. ఆగస్టులో వదిలిన పిల్లకు ఏప్రిల్ నాటికి ఎనిమిది నెలలు, అక్టోబరులో వదిలితే ఆరే. నీరడుగంటాక ఎంత చేప ఉంటే అంతకే తెగనమ్మాలి. అరకిలో చేపకు కిలో చేప ధర పలకదు.

కుంటలే కీలకం

అందువల్ల సంఘాలు సొంత కుంటలలో పిల్లలను ముందుగానే పెంచుకోవడం మేలు. చెరువు నిండిన వారంలోనే పెద్ద పిల్లను వదలవచ్చు, దూరప్రయాణంలో చచ్చే పిల్లలూ తగ్గుతాయి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకం ఇటువంటి పనులకు 40 శాతం, మహిళలకు, ఎస్.సి., ఎస్.టి.లకు 60 శాతం సబ్సిడీకి వీలు కల్పించింది.

చిక్కల్లా మే నెల నీటితోనే. గోదావరి చేరువలోని భూపాలపల్లి పల్లెలకు కొంత ఊరట ఉన్నా, మెట్ట ప్రాంతమైన జనగామలో బోరు నీరో, దేవాదుల నీరో అందనిదే కుంట నిలవదు. ఆ నీటికి హామీ దొరికిన సంఘమే ముందడుగు వేయగలదు. మంచులో వచ్చిన సరకుకన్న తెల్లవారుజామున పట్టిన చెరువు చేపకే ఊళ్లలో గిరాకీ. కావలసినది ఆ చేప కిలో తూగడమే.