మూలికల నామసామ్యం – రసాయన గుర్తింపు ఆవశ్యకత

బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి మాత్రలు వాడిన స్త్రీల మూత్రపిండాలు వేగంగా దెబ్బతిన్న వైనం 1993లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడింది. ఆ మాత్రలలో స్టెఫానియా టెట్రాండ్రా అనే చైనా మూలిక ఉందని వైద్యులు భావించారు. చూర్ణాలను విశ్లేషించినప్పుడు మాత్రం, ఆ మొక్కకు గుర్తైన టెట్రాండ్రిన్‌కు బదులు అరిస్టోలోకిక్ ఆమ్లం బయటపడింది. చైనా వ్యవహారంలో ఈ రెండు మూలికల పేర్లలోనూ ‘ఫాంగ్ జీ’ అన్న మాట ఉండటమే తారుమారుకు మూలం.

భారలోహాల పరీక్ష గాని, సూక్ష్మజీవుల పరీక్ష గాని ఇటువంటి దోషాన్ని పట్టలేవు. సీసం, పాదరసం పరిమితికి లోబడిన చూర్ణమూ ప్రాణాంతకం కావచ్చు. పలుచని పొర క్రొమటోగ్రఫీ తొలి సూచన నిస్తుంది. ద్రవ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమెట్రీని జోడిస్తే అత్యల్ప పరిమాణాన్ని సైతం కొలవవచ్చు. ఆ అత్యల్పమూ ఉపేక్షించదగినది కాదు. శరీరంలో ఈ ఆమ్లపు నైట్రో సమూహం క్షయకరణం చెందగా ఏర్పడే పదార్థం డి.ఎన్.ఎ.లోని ఎడినిన్‌తో బంధం ఏర్పరచుకొంటుంది. మందు మానిన కొన్నేళ్లకు కూడా మూత్రమార్గంలో కాన్సర్ తలెత్తడానికి కారణమిదే. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2002లో అరిస్టోలోకియా మొక్కలున్న మూలికా ఔషధాలను మానవులలో కాన్సర్ కారకాలుగా వర్గీకరించింది.

తెలుగునాట నాటువైద్యంలో వాడే ఈశ్వరి, గాడిదగడపాకు ఈ అరిస్టోలోకియా ప్రజాతికి చెందినవే. ఇక్కడ సమస్య స్వరూపం వేరు. పేరు సరైనదే, మొక్కా సరైనదే. విషం దానిలోనే సహజంగా ఉంది. మూలిక అసలైనదని నిర్ధారించే వృక్షశాస్త్ర ధ్రువీకరణ ఇటువంటి చోట భద్రతకు హామీ కాజాలదు. ఆమ్లం ఉనికిని విడిగా పరీక్షించవలసిందే.