కథకుడు - సంపాదకుడు

కుతుబ్షాహీల కాలమున కార్వాను వజ్రవ్యాపారమునకు పేరొందినది. దూరదేశపు బిడారులు అచట విడియుచుండెడివి. నేటికిని పేరున ఆ జ్ఞాపకము నిలిచియున్నది. ఆ కార్వానునుండియే యొక యువకథకుడు మాకు జాబు వ్రాసినాడు. అతని కథ యొక పత్రికనుండి మూడుమారులు తిరిగివచ్చినదట. నిడివి తగ్గింపుమని మొదటిమారు, ఉపోద్ఘాతము వలదని రెండవమారు, సంభాషణలలోని ఉర్దూ మాటలను తొలగింపుమని మూడవమారు సంపాదకుని సూచనలు. ఇక వ్రాయుట మానుదునా యని అతని ప్రశ్న.

మానవలదు. మొదటి రెండు సూచనలును శిరసావహింపదగినవి. మన కథకులలో పెక్కుమంది సూర్యోదయవర్ణన లేనిదే కథ నారంభింపజాలరు. రెండు పుటలు గడచినగాని పాత్ర నోరు విప్పదు. అట్టి పుటలను కొట్టివేయు సంపాదకుడు కథకునకు శత్రువు కాడు. మూడవ సూచన వేరు. కార్వానులో కూరగాయలమ్ము అవ్వ మేము వ్రాయునట్లు మాటాడదు గదా! "జర ఆగు బిడ్డా" అను నామెచేత "కొంచెము నిలువుము కుమారా" అనిపించినచో, ఆమె కార్వాను విడిచి పోయినట్లే.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, నిజాము రాజ్యమున తెలుగు వ్రాయువారికి నిలువనీడ కల్పించిరి. తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపణకు, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి ప్రత్యుత్తర మిచ్చిరి. వారు స్వయముగా కథకులు. ఉర్దూ మాటను వారు తమ కథలనుండి వెలివేయలేదనుటకు 'గ్యారా కద్దూ బారా కొత్వాల్' అను కథ పేరే సాక్ష్యము.

పి.వి. నరసింహారావుగారు పాములపర్తి సదాశివరావుగారితో కలిసి వరంగల్లున కాకతీయ పత్రికను నడపిరి. 1949లో 'విజయ' అను మారుపేరుతో వారు వ్రాసిన 'గొల్ల రామవ్వ' అందే వెలువడినది. ఆ ముసలమ్మ పల్లెమాటను సవరించియుండినచో కథలో ప్రాణ మెక్కడ మిగిలెడిది?

కావున మిత్రుడు మొదటి పుటలను నిర్దయగా కొట్టివేయవలెను. సంభాషణలను మాత్రము అట్లే యుంచి, ఎందుకుంచెనో సంపాదకునకు వినయముగా రెండు వాక్యములు వ్రాయవలెను. అంగీకరింపనిచో వేరొక పత్రిక కలదు.

సంపాదకులకును మా మనవి యొకటి. తిప్పిపంపునపుడు కథ యే పుటలో కుంటుపడినదో యొక్కమాట వ్రాయుడు. ఈ యువకునకు సూచనలు మూడైనను లభించినవి. పెక్కుమందికి మౌనమే దక్కుచున్నది.