బొమ్మ ఎలుగు లోకం చుట్టొచ్చింది

ముక్కుతాడు ఎలుగు పోయింది, బడికి పోయే ఎలుగు వచ్చింది

మల్లాపూర్: గుడ్డెలుగు వచ్చిందన్న కబురు అందితే ఒకప్పుడు ఊళ్లో బడి సగం ఖాళీ అయ్యేది. ముక్కుతాడు పట్టుకుని ముందు మనిషి, వెనుక ఎలుగు. డమరుకం మోగితే అది వెనుక కాళ్ల మీద లేచి నిలబడేది. ఇంటింటి నుంచి చాటలో గింజలు వచ్చేవి. దడుసుకున్న పిల్లలను దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి మెడకు కట్టేవారు. మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు పల్లెల్లో యాభై దాటిన వారికి ఈ ముచ్చట కొత్త కాదు.

ఆ ఎలుగు ఇప్పుడు రాదు. రాకూడదు కూడా. దాని స్థానంలో మరో ఎలుగు దేశదేశాల్లో బడి బడీ తిరిగింది. దానికి ముక్కుతాడు లేదు. తిండి ఖర్చు లేదు. అది దూది కూరిన బొమ్మ. పిల్లల సంచిలో కూర్చుని కోటలు, గుళ్లు, నదులు చూసింది. టపాలో సముద్రాలు దాటింది. చివరికి రాకెట్టెక్కి భూమి చుట్టూ కూడా తిరిగింది. ఆ బొమ్మ కథ వింటే మన పల్లె బడులకు కూడా ఒక దారి దొరుకుతుంది.

చెట్టుకు కట్టిన ఎలుగు

బొమ్మ ఎలుగుకు టెడ్డీ అన్న పేరు ఒక వేట వల్ల వచ్చింది. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రంలో వేటకు వెళ్లారు. ఆయనకు ఎలుగు దొరకలేదు. వెంట ఉన్నవారు ఒక ఎలుగును పట్టి చెట్టుకు కట్టి, కాల్చమన్నారు. కట్టేసిన జంతువును కాల్చడం వేట కాదని ఆయన తుపాకీ దించారు. అయితే అప్పటికే గాయపడిన ఆ ఎలుగు బతకలేదు. బాధపడకుండా దాన్ని చంపేయమని ఆయనే చెప్పారు. తుపాకీ దించిన సంగతి మాత్రం ఊరూరా పాకింది.

క్లిఫర్డ్ బెరీమన్ అనే చిత్రకారుడు ఈ సంఘటనను వ్యంగ్య చిత్రంగా గీయగా వాషింగ్టన్ పోస్ట్ పత్రిక అచ్చు వేసింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడుపుకునే మోరిస్ మిచ్‌టమ్, ఆయన భార్య రోజ్ ఆ బొమ్మ చూసి గుడ్డతో ఒక ఎలుగును కుట్టి దుకాణంలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు టెడ్డీ. అదే ఎలుగుకూ పేరైంది. దాదాపు అదే కాలంలో జర్మనీలో మార్గరెటె స్టైఫ్ నెలకొల్పిన కార్ఖానా కూడా ఎలుగు బొమ్మలు తయారు చేసి 1903లో లైప్‌జిగ్ సంతకు తెచ్చింది. మార్గరెటెకు చిన్ననాటనే పోలియో సోకి కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుట్టుపనితో అంత పెద్ద కార్ఖానా నిలబెట్టడం విశేషం.

మాస్కో మిషా

దేశానికి గుర్తుగా నిలిచిన ఎలుగు బొమ్మల్లో మిషాది పెద్ద పేరు. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు చిహ్నంగా దాన్ని గీసినవారు పిల్లల పుస్తకాల చిత్రకారుడు విక్టర్ చిజికోవ్. ఆటలకు రెండేళ్ల ముందే, 1978లో, సోవియట్ వ్యోమగాములు మిషా బొమ్మను సల్యూట్-6 అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లారు. 1980 ఆగస్టు 3న ముగింపు ఉత్సవంలో పెద్ద మిషా బొమ్మను బెలూన్లకు కట్టి ఆకాశంలోకి వదిలారు. మైదానంలో కూర్చున్నవారు రంగు అట్టలు ఎత్తిపట్టి మిషా బొమ్మ ఏర్పరచగా, దాని కంటి నుంచి నీటిబొట్టు జారుతున్నట్టు కనిపించింది. చూసినవారు కూడా కన్నీరు పెట్టుకున్నారని చెబుతారు.

ఆ ఆటల్లోనే వాసుదేవన్ భాస్కరన్ నాయకత్వంలో మన హాకీ జట్టు ఫైనల్లో స్పెయిన్‌ను 4-3 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అందువల్ల మిషా మన దేశానికి కూడా కలిసొచ్చిన ఎలుగే అనుకోవాలి.

రెండేళ్లకు 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలకు మనవాళ్లు అప్పూ అనే గున్న ఏనుగును చిహ్నంగా పెట్టుకున్నారు. అప్పూ బొమ్మ ప్రతి పిల్లవాడికీ తెలుసు. అప్పూ రూపంలో ఢిల్లీ వెళ్లిన అసలు గున్న ఏనుగు కేరళలోని గురువాయూర్ దేవస్థానానిది. దాని పేరు కుట్టినారాయణన్. తర్వాత రోజుల్లో కాలికి దెబ్బ తగిలి అది చాలా ఏళ్లు కుంటుతూ బతికి 2005లో చనిపోయింది. బొమ్మకు వచ్చిన పేరు ప్రాణమున్నదానికి అక్కరకు రాలేదు.

బడి నుంచి అంతరిక్షానికి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పైన్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఎల్క్ క్రీక్ ప్రాథమిక పాఠశాల పిల్లలు ఒక ఎలుగు బొమ్మకు మెజిలాన్ అని పేరు పెట్టుకున్నారు. పోర్చుగీసు నావికుడు మెజిలాన్ 1519లో ఓడలతో బయలుదేరగా, ఆయన 1521లో దారిలోనే చనిపోయినా, ఆయన ఓడల్లో ఒకటి 1522లో భూమిని చుట్టి తిరిగి వచ్చింది. భూగోళం పాఠం నేర్పడానికి పెట్టుకున్న బొమ్మకు తగిన పేరే.

1995 ఫిబ్రవరి 3న డిస్కవరీ అంతరిక్ష నౌక బయలుదేరినప్పుడు మెజిలాన్ కూడా అందులో ఉంది. ఆ నౌకను నడిపిన పైలట్ ఐలీన్ కాలిన్స్. అమెరికా అంతరిక్ష నౌకకు ఒక మహిళ పైలట్ కావడం అదే మొదటిసారి. ఆ నౌక రష్యా వారి మీర్ కేంద్రం దగ్గరి దాకా వెళ్లి ఫిబ్రవరి 11న భూమికి దిగింది. ఎలుగు బొమ్మ క్షేమంగా తిరిగి వచ్చింది. ఒక చిన్న ఊరి బడి పిల్లలకు అంతరిక్షం అంటే తమ వాడు వెళ్లి వచ్చిన చోటు అయింది.

ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో 2008 డిసెంబరులో మరో ముచ్చట జరిగింది. 11 నుంచి 13 ఏళ్ల బడి పిల్లలు నాలుగు ఎలుగు బొమ్మలకు రకరకాల వస్తువులతో చలి దుస్తులు కుట్టారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు వాటిని హీలియం బెలూనుకు కట్టి దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అక్కడ చలి సున్నాకు 50 డిగ్రీలు కింద. ఏ దుస్తు చలికి బాగా ఆగుతుందో పరీక్షించడమే ఉద్దేశం. పాఠ్యపుస్తకంలో ఉష్ణవాహకం, ఉష్ణబంధకం అని వల్లె వేసే పాఠాన్ని ఆ పిల్లలు సూదీ దారంతో నేర్చుకున్నారు.

టపాలో వెళ్లే విద్యార్థి

ఇంతటి ఖర్చు పెట్టనక్కర లేని పద్ధతి ఇంకొకటి ఉంది. 1988లో న్యూయార్క్, మాస్కో బడుల మధ్య స్నేహం కోసం మొదలైన పని తర్వాత ఐ-అర్న్ అనే అంతర్జాతీయ సంస్థగా పెరిగింది. ఆ సంస్థ నడిపిన పనుల్లో ఎలుగు బొమ్మల మార్పిడి ఒకటి. రెండు దేశాల్లోని రెండు తరగతులు జత కడతాయి. ఒకరి బొమ్మను ఇంకొకరికి టపాలో పంపుకుంటారు. వచ్చిన బొమ్మ ఆ తరగతిలో కొత్త విద్యార్థి. రోజుకో పిల్లవాడి ఇంటికి వెళుతుంది. వారు తిన్నది చూస్తుంది, పండుగకు వెళుతుంది, కోటకో గుడికో వెళుతుంది. తెల్లవారి ఆ పిల్లవాడు ఎలుగే రాసినట్టు దినచర్య రాయాలి. ఆ రాతలు దాని సొంత బడికి చేరతాయి.

కెనడాలో డేల్ హ్యూబర్ట్ అనే ఉపాధ్యాయుడు 1995లో ఇలాంటిదే అట్టబొమ్మతో మొదలుపెట్టారు. 1964 నాటి ఒక పిల్లల కథలో బల్ల మీదపడి పలుచగా అయిపోయిన స్టాన్లీ అనే పిల్లవాడు కవరులో టపా ద్వారా ప్రయాణిస్తాడు. ఆ బొమ్మను కాగితం మీద గీసి, కత్తిరించి, కవరులో పంపడమే. ఖర్చు స్టాంపు వరకే.

ఇందులోని కిటుకు చిన్నది. నీ ఊరి గురించి వ్యాసం రాయమంటే పిల్లవాడు పెన్ను కొరుకుతూ కూర్చుంటాడు. మా ఊరు పచ్చగా ఉంటుంది అని ఒక్క మాట రాసి ఆగిపోతాడు. అదే ఊరును ఏమీ తెలియని చుట్టానికి చూపించమంటే నోరు ఆగదు. ఎలుగు బొమ్మ అలాంటి చుట్టం.

ముక్కుతాడు వెనుక కథ

బొమ్మ సంగతి అలా ఉంచితే అసలు ఎలుగు పడ్డ పాట్లు తెలుసుకోవలసినవి. ఆడించే ఎలుగును అడవిలో కూనగా ఉన్నప్పుడే పట్టేవారు. తల్లి అడ్డం వస్తే చంపేవారు. కాల్చిన ఇనుప చువ్వతో మూతికి రంధ్రం చేసి తాడు వేసేవారు. కోరలు ఊడగొట్టేవారు. తాడు లాగినప్పుడు నొప్పి ఓర్వలేక లేచి నిలబడితే దాన్నే మనం ఆట అనుకున్నాం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును పట్టడాన్ని, చంపడాన్ని నేరం చేసింది. 1998లో ఎలుగులు, కోతులు, పులులు, సింహాలు వంటి వాటిని ఆడించరాదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. చట్టం ఒక్కటే ఉంటే పని కాలేదు. ఎలుగును నమ్ముకున్న కలందర్ కుటుంబాలకు వేరే బతుకుదెరువు కావలసి వచ్చింది. ఎలుగును అప్పగించిన వారికి చిన్న వ్యాపారాలకు సాయం, వారి పిల్లలకు చదువు ఏర్పాటు చేశారు. ఆగ్రా దగ్గర, బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో వాటికి శరణాలయాలు వెలిశాయి. 2009లో చివరిదిగా చెప్పే రాజు అనే ఎలుగుకు ముక్కుతాడు తీశారు. తాతల నుంచి వచ్చిన ఆట అలా ముగిసింది.

మన గుట్టల్లో తిరిగే ఎలుగు మనిషిని తినేది కాదు. చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, తునికి పండ్లు, రేగుపండ్లు దాని తిండి. చెదలు పీల్చడానికి వీలుగా దాని పై దవడకు ముందు పళ్లు రెండు ఉండవు. కూనలను వీపు మీద ఎక్కించుకుని తిరగడం దాని అలవాటు. గుట్టలు తవ్వి, పొదలు నరికిన కొద్దీ అది చేలలోకి దిగుతుంది. అప్పుడు దానికీ ప్రమాదం, మనిషికీ ప్రమాదం. బొమ్మ ఎలుగుతో ఆడుకునే పిల్లవాడికి ఈ సంగతులు కూడా చెప్పాలి.

దుబాయి పెట్టెలో ఎలుగు

మల్లాపూర్ వైపు ఊళ్లకు ఎలుగు బొమ్మ కొత్త కాదు. దుబాయి, మస్కట్, సౌదీ నుంచి సెలవు మీద వచ్చే తండ్రి పెట్టె విప్పితే సబ్బులు, సెంటు సీసాలు, దుప్పటి, వాటి మధ్య ఒక ఎలుగు బొమ్మ. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చే మనిషి. పసిపిల్ల ఆయనను గుర్తుపట్టక తల్లి కొంగు చాటున దాక్కుంటుంది. బొమ్మను మాత్రం వెంటనే పట్టుకుంటుంది. సెలవు అయిపోయి తండ్రి విమానం ఎక్కాక ఆ బొమ్మను పక్కలో పెట్టుకునే పడుకుంటుంది. లోకంలో ఎలుగు బొమ్మలు బడి నుంచి బయటి దేశాలకు వెళితే, మన దగ్గర బయటి దేశం నుంచి ఇంటికి వచ్చాయి. అవి బడి గడప తొక్కడమే మిగిలింది.

ఆ పిల్లను నాన్న ఎక్కడున్నాడని అడిగితే దుబాయి అంటుంది. పటంలో చూపమంటే తెలియదు. ఎలుగును పట్టుకుని పటం ముందు నిలబెట్టి, ఇది వచ్చిన దారి గీయమంటే అరేబియా సముద్రం ఆ రోజే తెలుస్తుంది.

మన జిల్లా చుట్టి రావాలంటే

ఈ ఎలుగు చూడవలసినవి చుట్టుపక్కలే ఎన్నో ఉన్నాయి. మండలంలోనే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 2015 డిసెంబరులో అది మూతపడే వరకు చెరుకు బండ్లు ఎలా బారులు తీరేవో తాతలను అడిగి రాయవచ్చు. మండలానికి ఉత్తరాన గోదావరి. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు నుంచి వచ్చే కాకతీయ కాలువ మన పక్క నుంచే పారుతుంది. జగిత్యాలలో నక్షత్రం ఆకారపు ఖిల్లా, పొలాసలో వ్యవసాయ పరిశోధన కేంద్రం, ధర్మపురిలో నరసింహస్వామి, శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల, కోడె మొక్కుల వేములవాడ, మరమగ్గాల సిరిసిల్ల. కొండగట్టు సరేసరి. ఆ అంజన్నకు ఆయన బలం గుర్తు చేసి సముద్రం దాటించినవాడు జాంబవంతుడనే ఎలుగే కదా. పిల్లలకు ఈ మాట చెబితే కొండగట్టుకు ఎలుగును ఎందుకు తీసుకెళ్లాలో వేరే చెప్పనక్కర లేదు.

బొమ్మ కొనవలసిన పని కూడా లేదు. సిరిసిల్ల గుడ్డ ముక్కలతో, ఇంటి చేను పత్తితో ఏ తల్లయినా కుట్టగలదు. కర్రది కావాలంటే గోదావరి అవతలి ఒడ్డున నిర్మల్ ఉంది. తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికి, రంగులు వేసే నకాషీల చేతిలో అన్ని జంతువులూ ప్రాణం పోసుకుంటాయి.

ఒక బొమ్మ, ఒక చేతిసంచి, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. బడి బడికీ మారుతూ, ఒక్కో బడిలో పదిహేను రోజులు ఉంచవచ్చు. ప్రతి బడి తమ ఊరి గుడి, చెరువు, గడీ, పంట, పాత ముచ్చట రాసి కింది బడికి అందించాలి. ఏడాది తిరిగేసరికి పిల్లల చేతి రాతలోనే మండలం చరిత్ర ఒక పుస్తకమవుతుంది. పండించిన పసుపు ఎలా ఉడకబెడతారు, ఊరి చెరువు ఎవరు తవ్వించారు అన్నవి ఏ అచ్చు పుస్తకంలోనూ పూర్తిగా దొరకవు. చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఉపాధ్యాయులు పూనుకుంటే, గ్రామ పెద్దలు రెండు మాటల సాయం చేస్తే ఇది భారం కాదు. ఆ నోటుబుక్కులో ఒక పేజీని ఫోనులో ఫొటో తీసి పంపితే, పగలంతా ఎండలో పని చేసి క్యాంపు గదిలో మంచం మీద వాలిన తండ్రి దాన్ని చదువుకుంటాడు. తాను కొన్న ఎలుగు బొమ్మ ఆ రోజు తన బిడ్డతో కలిసి ఊరి చెరువు కట్ట మీద నడిచిందని ఆయనకు తెలుస్తుంది.