తూటా లావైతే గురి కుదురుతదా?

బీజీఎంఐ ఆడే పోరగాళ్లను అడిగితే టక్కున చెప్తరు: ఏకేఎంది 7.62, దెబ్బ గట్టిది గని చేతుల నిలవది, ఎం416ది 5.56, గురికి అదే మంచిది అని. మన ఇల్లందుల పెద్దమనుషులేమో పాత పోలీసుల త్రీ నాట్ త్రీ ముందర ఇయ్యన్ని దండగ అంటరు. ఇద్దరూ లెక్కబెట్టేది తూటా లావునే. గురి మాత్రం గొట్టంల ఉంటది.

గొట్టం లోపలి బొక్క వెడల్పే క్యాలిబర్. త్రీ నాట్ త్రీ అంటే 0.303 అంగుళం, దగ్గరదగ్గర 7.7 మిల్లీమీటర్లు. ఎన్‌సీసీల కాల్పించే పాయింట్ టూ టూ 5.6 మిల్లీమీటర్లు. ఇది సైజు చెప్తది, గురి చెప్పదు.

మరి గురిని కొలిచేదెట్ల? ఎన్‌సీసీ పిల్లలకు ఎరుకే, దాన్ని గ్రూపింగ్ అంటరు. ఒకే చోటికి గురిపెట్టి ఐదు తూటాలు కాలిస్తే, ఆ ఐదు బొక్కలు ఎంత దగ్గర పడ్డయో చూడాలె. గుంపు నడిమికి కాకుండ పక్కకు పడితే సైటు తిప్పి సరిచేయొచ్చు. గుంపే చెదిరితే తప్పు కాల్చినోనిదన్న కావాలె, గొట్టానిదో తూటాదో అన్న కావాలె.

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటయ్. తూటా వాటిని పట్టుకొని గిరగిర తిరుక్కుంట బయటికొస్తది. బొంగరం తిరిగినంతసేపు పడిపోదు గదా, తూటా గూడ అట్లనే ముక్కు ముందుకే పెట్టి పోతది. ఆ గాడి ఎంత దూరంల ఒక్క చుట్టు తిరుగుతదో లెక్క ఉంటది. పాయింట్ టూ టూల మామూలుగ 16 అంగుళాలకు ఒక చుట్టు, త్రీ నాట్ త్రీల 10 అంగుళాలకే ఒక చుట్టు. తూటా పొడుగైన కొద్ది చుట్టు బిగుతుగ ఉండాలె. అమెరికా ఎం16నే చూడండి. మొదట 12 అంగుళాలకు ఒక చుట్టు ఉండె. పొడుగు తూటా తెచ్చినంక ఎం16ఏ2ల 7 అంగుళాలకు మార్చిన్రు. క్యాలిబర్ అదే, గొట్టం మారింది.

అయితే లావుతోని లాభమే లేదా? దూరం పోతే ఉంటది. పాయింట్ టూ టూ తూటా రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ, త్రీ నాట్ త్రీది 11 గ్రాములు. బరువుండి, సూదిగ ఉండి, జోరుగ పోయేదాన్ని గాలి తక్కువ పక్కకు నెడ్తది. గని దాని దెబ్బ భుజానికి గూడ గట్టిగనే తగుల్తది. తన్నుకు భయపడి ఒళ్లు బిగపడితే ఎంత మంచి గొట్టమైనా గుంపు చెదురుతది. అందుకే కొత్తోళ్లకు చిన్న క్యాలిబర్‌తోనే నేర్పుతరు.

ఇంకా చిన్నది చూస్తరా? ఎయిర్ రైఫిల్‌ది 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ బరువు అర గ్రాము. 10 మీటర్ల దూరంల పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. హైదరాబాద్‌ల పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌ల దీంతోనే కాంస్యం తెచ్చిండు. ఆయన స్కోరు 701.1, బంగారం గెలిచినాయనది 702.1. 70 గుండ్లు కాల్చినంక తేడా ఒక్క పాయింట్! అదే నారంగ్ 2014 గ్లాస్గో కామన్వెల్త్‌ల 50 మీటర్ల ప్రోన్‌ల, అంటే 5.6 మిల్లీమీటర్ల రైఫిల్‌తోని, వెండి గెలిచిండు. క్యాలిబర్ మారింది, గురి మారలే. అసొంటి ఆటగాళ్లు రైఫిల్‌ను బిగించి పెట్టి, ఒకే కంపెనీ తూటాల్లనే ఏ లాటు తమ గొట్టానికి పడ్తదో కాల్చి చూసుకుంటరు. ఒక్కో గొట్టం ఒక్కో తీరు మరి.

ఇప్పుడు మన అడివి ముచ్చట. నాటు తుపాకి గొట్టంల గాడి ఉండది, లోపల నున్నగ ఉంటది. తూటా తిరగది, గురి నిలవది. దాన్ని నమ్ముకుంటే గొట్టం పగిలి చేతులు పోతయ్, పొదల మెకమనుకొని కాలిస్తే మనిషి పోతడు. లైసెన్స్ లేకుండ ఉంచుకుంటే 1959 ఆయుధాల చట్టం, అడివి జంతువును కొడితే 1972 వన్యప్రాణి చట్టం, రెండూ మీద పడ్తయ్. ఎయిర్‌గన్‌తోని పిట్టలను కొట్టినా ఆ రెండో చట్టం వదలది.

గురి ఉన్న పిల్లలు మన దగ్గర లేక కాదు, చూపెట్టుకునే జాగ లేక. గచ్చిబౌలి రేంజికి పోవాలంటే 200 కిలోమీటర్ల పైనే. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు మైదానం అక్కర్లేదు. ఒక పొడుగాటి హాలు, గుండ్లు ఆపే గట్టి అడ్డం, నాలుగు రైఫిళ్లు, నేర్పే మనిషి ఉంటే మొదలుపెట్టొచ్చు. సింగరేణి పుట్టిన ఊళ్లె ఒక్క హాలు దొరకదా? మన పిల్లల కోసం మనమే అడగాలె.