ఉద్యోగం ఉండగానే వ్యాపారం: మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

జీతం చాలడం లేదు, అలాగని ఉద్యోగం వదిలే ధైర్యమూ లేదు. అందుకే చాలా ఇళ్లలో పగలు డ్యూటీ, రాత్రి వాట్సాప్‌లో బురఖాలు, అత్తర్లు, ఖర్జూరాల అమ్మకం నడుస్తోంది. మంచి ఆలోచనే. కాకపోతే చిన్న వ్యాపారం కోసం ఇల్లు నడిపే జీతానికే ఎసరు తెచ్చుకోకూడదు.

ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవాలి. అనుమతి లేకుండా వేరే పని చేయకూడదనే షరతు చాలా ప్రైవేటు కంపెనీల లెటర్లలో ఉంటుంది. పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్న 300 మందిని తొలగించామని 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పారు. సొంతంగా బట్టలు అమ్ముకోవడం అలాంటిది కాదు. అయినా లెటర్‌లో షరతు ఉంటే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడమే మేలు. ఆఫీసు టైం, ఆఫీసు లాప్‌టాప్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. అవి అమానత్.

ప్రభుత్వ ఉద్యోగులకు రూల్స్ ఇంకా గట్టిగా ఉంటాయి. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ‘బేగం పేరు మీద పెడితే సరిపోతుంది’ అని కొందరు అనుకుంటారు. కేంద్ర ఉద్యోగి అయితే కుటుంబ సభ్యుల వ్యాపారం గురించి కూడా శాఖకు తెలపాలి. ఆ వ్యాపారానికి తాను ప్రచారం చేసినా నియమం తప్పినట్టే.

సౌదీలో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. లైసెన్స్ లేకుండా స్థానికుడి పేరు మీద దుకాణం నడపడాన్ని అక్కడ ‘తసత్తుర్’ అంటారు. 2020లో తెచ్చిన చట్టం కింద దీనికి ఐదేళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా పడొచ్చు.

ఇక కాగితాల సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఏజెంటుకు డబ్బు కట్టే పని లేదు. ఇంట్లో వండి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు కావాలి. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ పరిమితి ఏడాదికి తెలంగాణలో 20 లక్షల టర్నోవర్, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. కొన్ని మినహాయింపులు తప్ప, పన్ను ఉన్న సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, ముందే రిజిస్టర్ కావాలి. కొరియర్‌లో పంపేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. వ్యాపార ఆదాయం ఉంటే ఐటీఆర్-1 కూడా పనికిరాదు, ఐటీఆర్-3 లేదా 4 వేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం లెక్క. ఉదాహరణకు 600కు తెచ్చిన డ్రెస్సును 800కు అమ్మారనుకుందాం. కొరియర్ 70, ప్యాకింగ్ 20 పోతే మిగిలేది 110. నెలలో 40 పంపితే నాలుగు వాపసు వచ్చాయి. ఆ నాలుగింటికీ రానుపోను కొరియర్, ప్యాకింగ్ కలిపి 640 నష్టం. మిగతా 36 మీద లాభం 3,960. చివరికి చేతికి వచ్చింది 3,320. అమ్మకాల డబ్బు 28,800 ఫోన్‌లో కనబడుతుంది కాబట్టి అదంతా సంపాదనే అనిపిస్తుంది. ఆ డబ్బుతోనే ఇంటి అద్దె కడితే వచ్చే నెల సరుకుకు అప్పు చేయాల్సి వస్తుంది.

అందుకే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. వడ్డీ అప్పు జోలికి పోకుండా, పోయినా ఇల్లు ఆగని సొమ్ముతోనే మొదలుపెట్టాలి. బావమరిది డబ్బు పెట్టినా అది అప్పా, వాటానా అన్నది కాగితం మీద రాసుకోవాలి. బాకీలు రాసుకోమని సూరా బఖరా 282వ ఆయత్‌లోనే ఆదేశం ఉంది. ఏడాది తిరిగాక నిసాబ్‌కు చేరితే అమ్మకానికి ఉంచిన సరుకు విలువ మీద కూడా రెండున్నర శాతం జకాత్ లెక్కకట్టాలి.

మరి ఉద్యోగం ఎప్పుడు వదలాలి? రంజాన్ నెల అమ్మకాలు చూసి మాత్రం కాదు. సీజన్ లేని నెలల్లో కూడా ఖర్చులన్నీ పోను మిగిలిన లాభం ఇంటి ఖర్చుకు సరిపోతోందా అన్నది కనీసం ఒక ఏడాది లెక్కల్లో చూశాకే ఆ మాట ఎత్తాలి.