బ్యాటరీ బండ్లు – అగ్నిభయము

నిప్పును గూర్చి గ్రామ పెద్దలకు చెప్పబూనుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుట వంటిది. గడ్డివామి ఇంటికి ఎంత దూరమున వేయవలెనో, గాలిదినములలో పొయ్యి ఎప్పుడు ఆర్పవలెనో మీకు తెలియనిది కాదు. అయినను ఇటీవల మన యిండ్లలోనికి క్రొత్త నిప్పు ఒకటి ప్రవేశించినది. అది కంటికి కనబడదు. గోడకు ఆనించిన బండిలో చడిచప్పుడు లేక పడియుండును. విద్యుత్తుతో నడచు సైకిళ్లలోను స్కూటర్లలోను ఉండు లిథియము బ్యాటరీయే ఆ నిప్పు. దానిని గూర్చి నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని.

ఈ బండ్లు చెడ్డవనుట నా యుద్దేశము కాదు. చక్కగా తయారైన బ్యాటరీని దానికి తగిన చార్జరుతో వాడుకొన్నచో ప్రమాదము అరుదు. కాని అది సంభవించినప్పుడు మనుష్యునకు తప్పించుకొను వ్యవధి మిక్కిలి తక్కువ. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో నిజామాబాదులో ఒక యింట రాత్రి చార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున ప్రేలగా ఎనుబదియేండ్ల వృద్ధుడొకడు మరణించెను. ఆ నెలలోనే విజయవాడలో పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ ప్రేలి ఇంటి యజమాని మరణించెను, భార్యాబిడ్డలు గాయపడిరి. ఆ యేడే సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్లు అమ్ము దుకాణమున నిప్పు పుట్టి, దాని పొగ మెట్లదారిన పైనున్న హోటలులోనికి ఎక్కగా ఎనమండుగురు మరణించిరి. ఈ మూడును రాత్రివేళ జరిగినవే. మొదటి రెండింట బ్యాటరీ నిద్రించువారి చెంతనే యుండెను. మూడవదాన పొగ బయటికి పోవు దారిని కప్పివేసెను. ఈ సంగతి మనస్సున నుంచుకొని తక్కినది వినుడు.

బ్యాటరీ పెట్టె ఒక్క వస్తువు కాదు. దానిలో చిన్న చిన్న ఘటములు, అనగా సెల్లులు, పదుల కొలది యుండును. సామాన్యముగా వాడు ఒక రకము సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కలిగి, బొటనవ్రేలంత యుండును. దాని లోపల ఒక రాగిరేకు, ఒక అల్యూమినియపు రేకు చాపవలె చుట్టబడి యుండును. ఆ రెండును తగులకుండ నడుమ ఒక ప్లాస్టిక్ పొర కలదు. అది తలవెండ్రుక కంటె పలుచన. వీటిని తడుపుచుండు ద్రవము నీరు కాదు. సులభముగా అంటుకొను ద్రావకము.

ఆ పలుచని పొర చినిగినను, కరగినను వేడి పుట్టును. ఆ వేడికి లోపలి పదార్థములు విడిపోయి మరింత వేడిని పుట్టించును. ఒక సెల్లు మండగానే ప్రక్కది అందుకొనును. టపాకాయల సరము వలె నిప్పు వరుసగా ప్రాకును. పెక్కు రకముల సెల్లులలో వేడికి ప్రాణవాయువు కూడ లోపలినుండియే వెలువడును. కావుననే గోనెపట్టా కప్పి గాలి ఆడకుండ చేసినంత మాత్రమున ఈ మంట ఆరదు. లిథియము ఐరన్ ఫాస్ఫేటు అను రకము వేడికి కొంత ఎక్కువగా ఓర్చునుగాని, దానిని సైతము నిర్లక్ష్యము చేయరాదు.

ఇక ఆ పొర ఏల చెడును? మొదటి కారణము తగని చార్జరు. 48 వోల్టుల పేరుగల లిథియము బ్యాటరీలో తరచుగా 13 సెల్లుల వరుస యుండును. ఒక్కొక్క సెల్లు 4.2 వోల్టులకు నిండును; వెరసి 54.6 వోల్టులు. పాత బండ్లలోని 48 వోల్టుల సీసపు బ్యాటరీకి చేసిన చార్జరు ఇంచుమించు 59 వోల్టుల వరకు పోవును. పేరు ఒక్కటే, పిన్ను కూడ పట్టవచ్చును; కాని సెల్లునకు 4.5 వోల్టులు దాటును. నిండిన కుండలో ఇంకను నీరు పోసినట్లే. పెట్టెలో కాపలావాని వంటి సర్క్యూటు పలక యుండి దీనిని ఆపవలెను. నాసిరకము పెట్టెలలో ఆ కాపలావాడు నిద్రపోవును. కావున బండితో వచ్చిన చార్జరు తప్ప ప్రక్కింటివారిది, సంతలో దొరికినది వాడరాదు.

రెండవది దెబ్బ, తడి. బండి పడి పెట్టె సొట్టపోయినను, వరదనీట మునిగినను, పైకి బాగుగానే కనబడినను, విక్రేతకు చూపక చార్జింగు పెట్టరాదు. మూడవది ఎండ. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి తాపము ఎట్టిదో మనకు తెలియును. ఎండలో తిరిగివచ్చిన బండిని వెంటనే చార్జింగు పెట్టక, నీడన నిలిపి చల్లారనిండు. నాలుగవది నాటు మరమ్మతు. పాత సెల్లులును క్రొత్త సెల్లులును కలిపి కట్టి తక్కువ ధరకు ఇత్తుమనువారిని నమ్మరాదు. 2022 నాటి ప్రమాదముల పిమ్మట కేంద్ర ప్రభుత్వము ఏ.ఐ.ఎస్. 156 అను బ్యాటరీ నియమములను కఠినము చేసి, ఆ డిసెంబరు 1 నుండియు 2023 మార్చి 31 నుండియు రెండు దశలుగా అమలు పరచెను. బండి కొనునప్పుడు ఈ నియమముల మాట అడుగుడు, రసీదు భద్రపరచుడు.

కొన్ని సూచనలు ముందే కనబడును. పెట్టె ఉబ్బుట, చేయి పెట్టలేనంత వేడి, ఘాటైన వింత వాసన, బుసకొట్టు చప్పుడు. పొగ ఇంకను రానిచో గోడ స్విచ్చి ఆపి, బ్యాటరీని మరల వాడక విక్రేతకు తెలుపుడు. పొగ వచ్చినచో దానిని చేతబట్టి బయటికి మోయుటకు సాహసింపరాదు. అందరిని లేపి బయటికి తెచ్చి, వెనుక తలుపు మూసి, 101కి గాని 112కి గాని ఫోను చేయుడు. ఆ పొగ విషము. నీరు ఈ మంటకు విరోధియే. కాని బ్యాటరీ చల్లబడుటకు చాల నీరు కావలెను, అది అగ్నిమాపక దళమువారి పని. ఆరినట్లు కనబడిన బ్యాటరీ గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు దినముల తరువాత మరల రగులవచ్చును. కావున దానిని మరల ఇంటిలోనికి తేరాదు. చెడిన బ్యాటరీని పాతసామానుల వానికి వేయక, అమ్మినవారికే తిరిగి యిండు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు దానిని తిరిగి తీసికొను బాధ్యత తయారీదారులపై నుంచినవి.

ఇన్నియు గుర్తుండకున్నను మూడు మాటలు మరువకుడు. బ్యాటరీని మనుష్యులు నిద్రించు చోట చార్జింగు పెట్టరాదు. ఇంటినుండి బయటికి పోవు ద్వారము కడ, మెట్ల క్రింద పెట్టరాదు. అందరు పండుకొన్న తరువాత పెట్టరాదు. పగటిపూట, వసారాలో గాని, గడ్డికి చొప్పకు దూరమైన కొట్టములో గాని, మెలకువగా నున్నవారి చూపున పెట్టుడు, నిండగానే తీసివేయుడు.

బండి కుర్రవానిది కావచ్చును. కాని అది ఇంటిలో ఎచ్చట నిలువవలెనో నిర్ణయించు అధికారము పెద్దలది. గడ్డివామిని ఇంటికి దూరముగా వేయించిన తాతలకు ఆనాడు కోపగించుకొన్నవారు ఉండియుందురు. దాని మేలు మాత్రము వాడయంతయు అనుభవించినది. ఈ కట్టడియు అట్టిదే. నేటి సాయంకాలమే మీ యింటి ప్లగ్గు ఎచ్చటనున్నదో ఒకసారి చూచి, బండికి తగిన చోటు చూపుడు.