ఓడిన బొంగరం ఎవరిది?

జపాను దేశంలో నూతన సంవత్సరాది పెద్దలతోపాటు పిల్లలకూ పండుగే. ఆనాడు ఇంటి పెద్దలు చిన్న కాగితపు సంచులలో డబ్బు పెట్టి పిల్లల చేతికిస్తారు. ఆ కానుకను 'ఒతోషిదామా' అంటారు. ఆ పండుగ దినాలలో బొంగరాలు త్రిప్పడం కూడా అక్కడ చిరకాలంగా వస్తున్న వినోదమే. కానుకగా వచ్చిన సొమ్ము బొమ్మల అంగడికి చేరి, మరొక బొంగరమై తిరిగి రావడంలో వింత లేదు. ఆ బొంగరం పేరు నేడు బేబ్లేడ్.

ఈ నవనాగరక బొంగరానికి ఒక తాత ఉన్నాడు. అతని పేరు బేగోమా. 'బే' అనగా ఒకజాతి సముద్రపు గుల్ల. పూర్వం ఆ గుల్లలో ఇసుకో మట్టో కూరి త్రిప్పేవారు. తరువాత పోత ఇనుముతో చేసినవి వచ్చాయి. టోక్యోకు ఉత్తరాన ఉన్న కవాగుచి పట్టణం ఈ పోతపనికి పేరుపొందినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహం కరవు కాగా పింగాణీతోనూ, గాజుతోనూ చేశారేగాని ఆటను మాత్రం మానలేదు.

తొట్టిమీద గుడ్డ బిగించి, దానిపై ఇద్దరూ తమ బొంగరాలను విడుస్తారు. ఏది బయటికి ఎగిరిపడితే అది ఓడినట్లు. ఓడిన బొంగరం గెలిచినవాని సొత్తు! అందుకే పిల్లవాడు తన బేగోమాను ఆకురాతితో అరగదీసి, అంచులు తీర్చి, ఎత్తు తగ్గించి, శత్రువు క్రిందికి దూరేటట్లు సిద్ధపరచుకొనేవాడు. కొన్నది కొద్దిపాటి ఇనుపముక్క. దానిని ఆయుధంగా మార్చినది వాని చేయి.

1999లో టకారా సంస్థ ఈ తాత పేరులోని మొదటి అక్షరం నిలిపి బేబ్లేడ్‌ను విడుదల చేసింది. తకావో అఓకి బొమ్మలకథ, 2001లో వచ్చిన టెలివిజన్ కథ దానిని దేశదేశాలకూ చేర్చాయి. ఇందులో ఢీకొట్టే చక్రం, అడుగున తిరిగే మొన వంటి భాగాలను విడదీసి మార్చుకోవచ్చు. దాడికి ఒకటి, రక్షణకు ఒకటి, చిరకాలం తిరగడానికి ఒకటి, అన్నీ సమంగా ఉన్నది ఒకటి అని నాలుగు తెగలు. 2015లో వచ్చిన రకం గట్టిదెబ్బ తగిలితే ముక్కలుగా విడిపోతుంది. 2023లో 'బేబ్లేడ్ ఎక్స్' వచ్చింది.

ఈ ఆటలో ఓడినవాడు తన బొంగరాన్ని తానే ఇంటికి తెచ్చుకుంటాడు. ఏడుపు లేదు, తగవు లేదు. తల్లిదండ్రులకు ఇది మెచ్చదగినదే. కాని ఓటమి ఊరికే పోదు. నిన్న ఆకురాతి దగ్గరకు నడిపించిన ఓటమి నేడు అంగడికి నడిపిస్తున్నది. లోపల ఏది ఉన్నదో విప్పిచూస్తేగాని తెలియని పెట్టెలు కూడా అక్కడ అమ్ముతారు. ఒకప్పుడు పందెం పిల్లవానికీ పిల్లవానికీ మధ్య ఉండేది. ఇప్పుడది పిల్లవానికీ వర్తకునికీ మధ్యకు మారింది.

ఆ టెలివిజన్ కథలు మన దేశానికి వచ్చినప్పుడు తెలుగు పిల్లలకు ఆ పోరు కొత్తగా తోచకపోవడం సహజం. నేలమీద గిరి గీసి, అందులోని బొంగరాన్ని తక్కిన బొంగరాల మేకులతో పొడిచే ఆట మన వీధులది. ఆ గాట్లు మాన్పే మందు ఏ అంగడిలోనూ దొరికేది కాదు. ఓడినవాడు తాడును మరింత బిగించి చుట్టడం నేర్చుకొనేవాడు.

అంతమాత్రాన బేబ్లేడ్‌ను నిందించనక్కరలేదు. ఏ మొనకు ఏ చక్రం పొసగునో పరీక్షించే పిల్లవానిలో ఆకురాతి పట్టిన ఆ పాత పిల్లవాడే ఉన్నాడు. వానికి ఓడిన ప్రతిసారీ కొత్త పెట్టె చేతికిస్తే ఆ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. దసరాకో సంక్రాంతికో ఈ కానుక కొనే పెద్దలు మరొక సంగతి కూడా తలచదగును. పోరాడే బొంగరం ఒక్కటి ఉంటే అది సగం కానుకే. రెండవది పట్టుకొని ఎదుట కూర్చొనేవారు కావాలి. ఆ కూర్చొనేవారు ఒక్కొక్కసారి ఓడిపోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి.